నీలం పెట్టిన తెలుపు

“నీలం ఎక్కువేసీసినావు” అంది మా అత్త, బకెట్లోకి తొంగి చూడకుండానే. గదిలో మంచం మీద కూర్చుని మోకాళ్ళకి ఆవనూనె రాసుకుంటోంది ఆవిడ. బెంగాలీవాళ్ళ ఊళ్ళో, ఓడరేవు పక్కన గార్డెన్ రీచ్‌లో మేం అద్దెకుండేది మూడో అంతస్తు. ఒక గది, ఒక వంటిల్లు, గుమ్మం దాటితే ఆరుబయట మేడ, మేడ చివర కుళాయి. కుళాయి దగ్గర నేనేం చేస్తున్నానో ఆవిడకి చప్పుడుని బట్టే తెలిసిపోతుంది. నీలంమందు సీసాలోంచి రెండు చుక్కలు వేశానా, నాలుగు వేశానా అన్నది కూడా తెలుస్తుందంటే మొదట్లో భయం వేసేది. పెళ్ళయి ఏడేళ్ళయింది, ఇప్పుడు ఆ భయం అలవాటైపోయింది. “నాలుగే, అత్తా” అన్నాను. “నీ నాలుగంటే ఆరు” అంది. నిజానికి ఎనిమిది.

రేపు బల్ల ఆదివారం. నెలలో మొదటి ఆదివారం మా తెలుగు సంఘంలో ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టే ద్రాక్షరసమూ తీసుకుంటాం. ఆ రోజు పెద్దావిడలందరూ తెల్లచీరల్లో వచ్చి ముందు వరసల్లో కూర్చుంటారు. ఓడరేవు డాకుల్లోనో రైల్వేలోనో పనిచేసిన మగవాళ్ళ భార్యలు, సగం మందికి ఆ మగవాళ్ళు ఇప్పుడు లేరు. ఎవరి చీర ఎంత తెల్లగా ఉందో చూసి, ఆ ఇంటి కోడలు ఎలాంటిదో తేల్చేస్తారు. ప్రసంగం వింటున్నట్టే ఉంటారు గాని కళ్ళు మాత్రం పక్కావిడ కొంగు మీదే. వచ్చిన కొత్తలో నేను ఒకసారి నీలం పెట్టడం మరిచిపోయాను. “కోడలికి కళ్ళు సరిగ్గా కనపడవా రోజమ్మా?” అని మా అత్తని అడిగారట పాస్టరమ్మగారు. ఆ మాటని మా అత్త దారిలో ఒక్క అక్షరం ఒలకకుండా ఇంటికి తెచ్చి నాకు అందించింది. అప్పటి నుంచి నీలం దగ్గర నా చెయ్యి ధారాళమైపోయింది. ప్రతి నెలా రెండు మూడు రోజులు నా గోళ్ళు నీలంగా ఉంటాయి. కాలేజీలో ఒక పిల్ల నా చెయ్యి పట్టుకుని “ఏ షేడు దీదీ, భలే ఉంది” అని అడిగితే “మా అత్త షేడు” అన్నాను. ఆ పిల్ల ఫోనులో వెతికింది కూడా, పాపం.

కాలేజీ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. ఎల్గిన్ రోడ్డు వెనక ఒక పాత మేడ. కింది అంతస్తులో బట్టలు డిజైన్ చెయ్యడం నేర్పుతారు, పై అంతస్తులో ఆ బట్టల్ని ఫొటోలు తియ్యడం నేర్పుతారు. నేను పైన. ఫ్యాషన్ ఫొటోగ్రఫీ, ఆరేసి నెలల చొప్పున రెండు టర్ములు. క్లాసులో అందరికీ ఇరవై, ఇరవై ఒకటి. నాకు ముప్ఫై. అందుకని నేను దీదీని. దీదీ అనడం గౌరవమే, కాదనను. కాని దీదీ అన్నాక చేతికి ఇస్త్రీపెట్టె ఇవ్వచ్చు, సూదీ దారం ఇవ్వచ్చు, “దీదీ, ఒక్క నిమిషం ఈ గొడుగు పట్టుకో” అని వెలుతురుని మెత్తబరిచే లైటు గొడుగు ఇచ్చి గంట మరిచిపోవచ్చు. మోడల్ ఒంటికి గౌను వదులైతే వెనకనుంచి క్లిప్పులు పెట్టి బిగిస్తారు. ముందునుంచి చూస్తే ఆ ఒంటికే కుట్టినట్టుంటుంది. ఆ క్లిప్పులు పెట్టడంలో నా అంతటిది లేదని అందరూ ఒప్పుకున్నారు. “నీ చేతుల్లో ఏదో ఉంది దీదీ” అంటారు. ఏముంది, మా పక్కపేట మెటియాబ్రుజ్ ఉంది. అక్కడి దర్జీల దగ్గరనుంచి పిల్లల ఫ్రాకులు మూటల్లో మా ఇంటికి వచ్చేవి. అత్తా నేనూ మేడమీద కూర్చుని వాటికి గుండీలు కుట్టేవాళ్ళం, లోపల వేలాడే దారాలు కత్తిరించేవాళ్ళం. దాన్ని మా ఆయన “కాలచ్చేపం” అనేవాడు. కూర్చుని చేసేది పనెలా అవుతుంది మరి. ఆ కాలక్షేపంలో దాచుకున్నదే రెండు టర్ముల ఫీజూ అయింది.

మా ఆయన కృపాకర్ డాకులో క్రేను నడుపుతాడు. అంత ఎత్తున కూర్చుని పెట్టెలెత్తే మనిషికి కింద ఉన్నవి చిన్నగా కనపడటంలో వింత లేదు. మంచివాడే, చిక్కంతా అక్కడే ఉంది. కొడితే, తిడితే, చెప్పుకోవడానికైనా ఒక మాట ఉండేది. ఈయన నవ్వుతాడు. షిఫ్టు దిగి వస్తూ వేడి జిలేబీ తెస్తాడు. మా నాన్న షాలిమార్ గూడ్స్ యార్డులో రిటైరైన ఏడు నాకు ఒక కెమెరా కొనిచ్చాడు. అది మా గుమ్మం దాటి లోపలికొచ్చేసరికి “కృపాకర్ కెమెరా” అయిపోయింది. ఆయన రెండు నెలలు మెళ్ళో వేసుకు తిరిగి, విసుగొచ్చి మేకుకి తగిలించాడు. ఆ తరవాత సంఘంలో క్రిస్మస్‌లు, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు అన్నీ నేనే తీశాను. సంఘం వాట్సాప్‌లో మాత్రం ప్రతిసారీ “ఫొటోలు: బ్రదర్ కృపాకర్” అని వచ్చేది. ఒకసారి అడిగాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయి, “నీ పేరేటి, నా పేరేటి? ఒకటే కదేటే!” అన్నాడు. ఒకటే అయితే ఒక్కసారి నాది పెట్టచ్చు కదా అని నాకు అప్పుడు తోచలేదు. మూడు రోజుల తరవాత గిన్నెలు తోముతుంటే తోచింది. నాకు జవాబులన్నీ అలాగే వస్తాయి, బస్సు వెళ్ళిపోయాక.

డిసెంబరులో ఒకరోజు జిలేబీ తింటూ, “అమ్మకి మోకాళ్ళు మరీ పోతన్నాయి. ఒక టర్ము సాలదేటి నీకు? ఫొటోకేటుంది, బటన్ నొక్కితే వచ్చీసుద్ది” అన్నాడు. ఆ పొట్లం ముందే ఒక బేరం కూడా పెట్టాడు. టర్ము చివర మాకు ఒక ప్రదర్శన ఉంది. కింది అంతస్తు డిజైనర్ ఒక్కొక్కరు పై అంతస్తు ఫొటోగ్రాఫర్ ఒకరిని జతగా కోరుకుంటారు. పన్నెండు జతల్లో ఐదు జతల ఫొటోలే గోడకెక్కుతాయి. “నీది గోడకెక్కితే రెండో టర్ముకెల్లు. లేదా, మానీసి ఇంట్లో ఉండు. నాయవేనా?” అన్నాడు. న్యాయమే అన్నాను. ఎందుకన్నానో తెలీదు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయింది అన్నట్టు, అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. అప్పటి నుంచి ఆ “న్యాయమే” చేపముల్లులా గొంతులో ఉండిపోయింది.

ఆ వారమే మృత్యుంజయ దా మాకు తెలుపు గురించి చెప్పారు. ఆయన మా మాస్టారు, అందరికీ దా, అంటే అన్న; సన్నటి మనిషి, గొంతు పెంచరు, బెంగాలీలోనే చెప్తారు. ఒక తెల్ల కాగితం, ఒక గుడ్డ, ఒక కోడిగుడ్డు బల్లమీద పెట్టి, “వీటిలో ఏది తెలుపు?” అని అడిగారు. పిల్లలందరూ మూడూ అన్నారు. నాకు నవ్వొచ్చింది. నాకు తెలుపు గురించి చెప్పడమంటే తాతకి దగ్గు నేర్పడమే. గంజి తెలుపు వేరు, ఎండ తెలుపు వేరు, నీలం పెట్టిన తెలుపు వేరు. కాని ఆ తరవాత ఆయనన్న మాట నేను వినలేదు ఎప్పుడూ. “కెమెరాకి సొంత బుద్ధి లేదు. మొదట నువ్వొక వస్తువు చూపించి, ఇదే తెలుపు అని చెప్పాలి. అది నమ్ముతుంది. ఇక మిగతా రంగులన్నీ దాన్నిబట్టే సర్దేస్తుంది. అందుకే మంచి తెలుపు చూపించండి, లేదా కాలేజీ వాళ్ళ బూడిదరంగు అట్ట చూపించండి.”

ఇంటికి వస్తుంటే ఖిదిర్‌పూర్ దగ్గర ఓడ కోసం వంతెన లేచింది. బస్సాగింది. ఇళ్ళ మధ్యనుంచి, ఆరేసిన లుంగీల వెనకనుంచి ఒక ఓడ మెల్లగా నడిచి వెళుతుంటే కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. నాకెవరు చూపించారు తెలుపు? పెళ్ళిలో అమ్మ చెవిలో చెప్పింది, “మీ ఆయన ఇంటికొచ్చేసరికి మొహం నవ్వుతా ఉండాల” అని. నేను నమ్మాను. దాన్నిబట్టి మిగతా రంగులన్నీ సర్దుకున్నాను. నడుంనొప్పి బద్ధకం రంగుకి తిరిగింది. ఒంటరిగా మేడమీద కాసేపు నిలబడి నదిని చూడాలనిపించడం పొగరు రంగుకి తిరిగింది. చదువుకోవాలనిపించడం మరీ విడ్డూరంగా, ముదురు ఎరుపులో కనపడేది నాకే. వంతెన దిగి బస్సు కదిలినా నేనింకా ఆ ఓడలోనే ఉన్నట్టుంది. దిగాల్సిన చోట దిగకుండా రెండు స్టాపులు ముందుకెళ్ళిపోయి వెనక్కి నడిచొచ్చాను.

నీలం ఎక్కువైందని అత్త అన్న ఆ జనవరి మొదటి శనివారం పొద్దున అత్త చీరకి నీలం పెడుతూ నేను మైథిలి కోసం చూస్తున్నాను. మైథిలి నా జత డిజైనర్. హైదరాబాద్ పిల్ల, వాళ్ళ నాన్నకి ఇక్కడ న్యూటౌన్‌లో ఉద్యోగం. క్లాసులో అందరూ దీదీ అంటే తనొక్కతే “అక్కా” అంటుంది. పన్నెండు మంది ఫొటోగ్రాఫర్లలో నన్నే ఎందుకు కోరుకుందో అడిగితే, “మీరు గౌను పట్టుకున్నప్పుడు దాన్ని తిరగేసి లోపలి కుట్టు చూస్తారక్కా, మిగతావాళ్ళు చూడరు” అంది. ఆరు తెల్లటి గౌన్లు కుట్టింది. గాలికంటే బరువుండవు. “కలలో నడుస్తున్నట్టుండాలి” అంది. స్టూడియో మా వంతుకి దొరకలేదు. మా మేడమీదకి రమ్మన్నాను. మేడమీద నుంచి నది కనపడుతుంది, డాకు క్రేన్లు కనపడతాయి. జనవరిలో అయితే ఏవీ కనపడవు, అదే కావాలి మాకు.

ఎనిమిదింటికి వచ్చింది మైథిలి, రెండు సంచులతో, గౌన్లు వేసుకోవడానికి చిన్మయి అనే పొడుగు పిల్లని వెంటపెట్టుకుని. పొగమంచు మేడ పిట్టగోడ దాకా వచ్చి ఆగింది. నది లేదు, అవతలి ఒడ్డు లేదు, ఎక్కడో ఓడ కూత మాత్రం ఉంది. దండెం మీద అత్త చీర తడిగా వేలాడుతోంది. దాని వెనకనుంచి వెలుతురు వడగట్టినట్టు దిగి నేలమీద పరుచుకుంది. మాకు లైటు గొడుగులు లేవు, ఆ చీరే గొడుగైంది. చిన్మయిని చీర పక్కన నిలబెట్టాను. బూడిదరంగు అట్ట కాలేజీలో ఉండిపోయింది. పరవాలేదు, నా ఎరికలో అత్త చీర కంటే తెల్లనిది ఈ లోకంలో లేదు కదా అని, దాని చెంగు పట్టుకుని కెమెరాకి చూపించాను. ఇదే తెలుపు అని చెప్పాను. నమ్మింది.

ఆ రెండు గంటలూ నేను ఎక్కడున్నానో నాకు తెలీదు. పొయ్యిమీద పప్పుంది, ఆ సంగతి కూడా తెలీదు. కెమెరాలోంచి చూస్తుంటే చిన్మయి నేలకి ఆనకుండా నడుస్తోంది, గౌను అంచులు మంచులో కలిసిపోతున్నాయి. వెనక ఉన్న చిన్న తెరలో అంతా కొంచెం బంగారంగా కనపడితే పొద్దెక్కిందేమో అనుకున్నాను. నన్ను ఎవరూ పిలవలేదు. పిలిచినా వినపడి ఉండదు. ఏడేళ్ళలో మొట్టమొదటిసారి నా చెవులు నా ఇంటి కోసం కాపలా కాయలేదు.

గౌను మార్చుకోవడానికి చిన్మయి లోపలికి వెళ్ళినప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, మా అత్త గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని ఉంది. విప్పిన గౌను ఒకటి ఒళ్ళో పోసుకుని, తిరగేసి, చిన్న కత్తెరతో లోపలి దారాలు కత్తిరిస్తోంది.

“అయ్యో, వద్దండీ ఆంటీ! నేను చూసుకుంటాను” అంది మైథిలి.

“ఇంత సదువుకున్నావు, దారాలు ఒగ్గీసినావేటమ్మా? బయటికి కనపడవని ఒగ్గీకూడదు. ఒంటికి గుచ్చుతాయి” అంది అత్త, తల ఎత్తకుండా. ముక్కు చివర కళ్ళజోడు, చేతులచుట్టూ తెల్లటి గౌను, మీదనుంచి చీర వడగట్టిన వెలుతురు. నేను కెమెరా ఎత్తి తీశాను, మూడు సార్లు. ఆవిడకి తెలియనే లేదు. పప్పు మాడిన వాసన అప్పుడొచ్చింది.

సోమవారం క్లాసులో పెద్ద తెరమీద మా ఫొటోలు వేశారు. వెయ్యగానే నవ్వులు. గౌన్లన్నీ నేతిలో ముంచి తీసినట్టు ఉన్నాయి. “దీదీ వంటింట్లోంచి నేరుగా వచ్చింది కదా, నెయ్యి కూడా తెచ్చింది” అన్నాడొకడు. నా చెవులు కాలిపోయాయి. మృత్యుంజయ దా నవ్వలేదు. దేన్ని తెలుపని చూపించావు అని అడిగారు. అత్త చీర అన్నాను, నీలం సంగతి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపారు. “నీలం ఉన్నదాన్ని తెలుపన్నావు. ఆ నీలాన్ని చంపడానికి అది పాపం అన్నిటికీ పసుపు పూసింది. పరవాలేదు, అసలు ఫైలు ఉంది, కంప్యూటర్లో ఒక్క రంగు మీట జరిపితే చాలు” అని జరిపారు. గౌన్లు తెల్లబడ్డాయి. మంచు బూడిదైంది. మా అత్త ఫొటో దగ్గరికొచ్చేసరికి ఆవిడ మొహం ఆసుపత్రి మంచం మీద మనిషి మొహంలా అయిపోయింది. “ఇది కూడా తీశావా?” అని ఆయన మీటని మళ్ళీ వెనక్కి జరిపారు, ముందుకి జరిపారు. నెలాఖరుకి ఒక్క ఫొటో ఇవ్వాలి, ఏది ఇస్తారో, ఎలా ఇస్తారో మీ ఇష్టం అన్నారు.

మెట్లమీద మైథిలి నా మొహంలోకి చూడకుండా, “నాకు నా తెలుపు కావాలక్కా. ఆరు నెలలు కుట్టాను. ఆ బట్ట కోసం ఎన్ని ఊళ్ళు తిరిగానో మీకు తెలుసు” అంది. తెలుసు. తన మాట సబబే. పైగా తెల్లగా చేసి ఇస్తే గోడకెక్కే అవకాశం ఉంది, నేతి రంగులో ఇస్తే నవ్వులపాలే. అంత తెలిసీ ఆ మీట జరపడానికి నాకు చెయ్యి రావడం లేదు. తప్పు నాది, నీలం నాది, ఏడేళ్ళ బెదురు నాది. అదంతా కలిసి ఒకే ఒక్కసారి ఇంత అందంగా తయారైతే, దాన్ని మళ్ళీ నేనే ఉతికి ఆరెయ్యాలా?

ఇంటికొచ్చి ఫోనులో అత్త ఫొటో మా ఆయనకి చూపించాను. కృపాకర్ డ్యూటీకి చొక్కా వేసుకుంటున్నాడు. “అమ్మేటి ఇందులో? ఫ్యాషనంటే కుర్రపిల్లల్ని తియ్యాల గాని. ముసలిదాన్ని కూకోబెట్టి తీసినావు, ఎవులు సూడ్డానికి?” అని నవ్వి, జుట్టు దువ్వుకుని వెళ్ళిపోయాడు. చెడ్డగా అనలేదు. ఆయనెప్పుడూ చెడ్డగా అనడు.

మా అత్త మంచం మీదనుంచి, “ఏటన్నాడాడు?” అంది. చెప్పాను. ఫోను ఇలా తెమ్మంది. కళ్ళజోడు పెట్టుకుని, తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది. “నానేనేటిది?” అంది. మీరే అన్నాను. చాలాసేపు చూసి, మంచం కిందనుంచి రేకుపెట్టె లాగమంది. అడుగున, పాత దిండుగలీబులో చుట్టి, లవంగాల వాసనతో ఒక చీర. పెళ్ళిచీర. మావాళ్ళలో పెళ్ళికూతురికి తెల్లచీరే. విప్పి నా ఒళ్ళో వేసింది. నలభై ఏళ్ళు పెట్టెలో ఉండి ఆ తెలుపు మెల్లగా, ఎవరూ చూడకుండా, నేతి రంగుకి తిరిగింది. నా ఫొటోలో ఉన్న రంగే. ఒక్క పిసరు తేడా లేదు.

“పెల్లయ్యాక ఒక్క పాలి కట్టుకుందునా అనడిగినాను మీ మావని” అంది అత్త. “ఇక్కడే, ఈ డాకు బస్తీలోనే. నీలమెట్టి కట్టుకుంతాను, బల్ల ఆదివారానికి అన్నాను. ‘కొత్త తెల్లసీర ఎవులు సూడ్డానికే?’ అన్నాడు. పెట్లో ఎట్టీసినాను. మరి తియ్యనేదు.” ఆవిడ గొంతులో ఏడుపేమీ లేదు. “అదే మాట ఈడంటన్నాడు. ఈడికెవులు నేర్పినారు? నానేనేటో.”

నాకు ఏడుపొచ్చింది. అత్త కోసమా, నా కోసమా అంటే ఏం చెప్పను. ఏడేళ్ళు ఆవిడ చెవులకి భయపడి బతికాను. ఆ చెవుల్లో ఇంత పాత మాట ఇంకా మోగుతోందని నాకేం తెలుసు.

మర్నాడు ఆ చీరని గలీబుతో సహా సంచిలో పెట్టుకుని కాలేజీకి తీసుకెళ్ళాను. మైథిలి కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. చీర బల్లమీద పరిచాను. తను వేళ్ళతో అంచు తడిమింది, మొహానికి దగ్గరగా పెట్టుకుని వాసన చూసింది.

“ఏ రంగులో ముంచారక్కా దీన్ని?”

“ముంచలేదు. పెట్లో పెట్టారు. అంతే.”

“ఎన్నాళ్ళు?”

“నలభై ఏళ్ళు. ఆ రోజు నీ గౌను దారాలు కత్తిరించింది చూడు, ఆవిడది.”

కిటికీలోంచి ట్రాము గంట ఎక్కడిదో వినపడింది. మైథిలి తన గౌను ఒకటి తెచ్చి చీర పక్కన పెట్టింది. “నేను కలలాగా ఉండాలని కుట్టానక్కా. ఇది కలగనీ కలగనీ ఇలా అయినట్టుంది” అంది. మీట జరపొద్దని తనే అంది. చిన్మయి ఫొటోలు కాదు, అత్త ఫొటోనే ఇద్దామని కూడా తనే అంది. నేను అనాలనుకున్నవన్నీ ఎవరో ఒకరు ముందే అనడం నాకిదే మొదటిసారి.

జనవరి ఆఖరి శుక్రవారం ఇద్దరం కాలేజీ ఆఫీసుకి వెళ్ళాం. ఫొటో కింద అంటించే కాగితం నింపాలి. డిజైన్ దగ్గర మైథిలి తన పేరు రాసింది. ఫొటో దగ్గర నేను నా పేరు, షైనీ అని రాశాను, ఒంటరిగా, ఇంకే పేరూ తోడు లేకుండా. కింద ఇంకా కొంచెం ఖాళీ ఉంటే “దారాలు: రోజమ్మ” అని కూడా రాశాను. మైథిలి చదివి నా మోచెయ్యి నొక్కింది.

ఆఫీసులో ఉండే బెంగాలీ ఆవిడ ఆ కాగితం తీసుకుని, ఇంకో కాగితం ముందుకి తోసి, “రెండో టర్ముకి పేరు ఇవ్వాలి దీదీ, వచ్చే శనివారం ఆఖరు” అంది. ప్రదర్శన లిస్టు ఆ తరవాతి సోమవారం గదా పెట్టేది, అది చూశాక ఇస్తానన్నాను. ఆవిడ వింతగా చూసింది. “లిస్టుకీ దీనికీ సంబంధమేముంది? గోడకెక్కినవాళ్ళే చదువుకోవాలని ఎవరన్నారు?”

ఎవరన్నారు? మా మేడమీద, జిలేబీ పొట్లం ముందు, ఒకాయనన్నాడు. న్యాయమే అని నేనన్నాను. ఆ రెంటికీ ముడి వేసింది కాలేజీ కాదు, దేవుడు కాదు. నేను బస్సెక్కి, ఆ ముడి గురించే ఆలోచిస్తూ ఇంటికొచ్చాను. వంతెన లేవలేదు ఆ రోజు, అయినా దారి చాలా పొడుగ్గా ఉంది.

ఫిబ్రవరి మొదటి శనివారం. బకెట్లో నీళ్ళు పట్టి నీలం సీసా తీశాను. మూత తిరిగిన చప్పుడు విని, “ఈపాలి వద్దు, ఒగ్గీ” అంది అత్త లోపలనుంచి. “నువ్వు నీ పని సూసుకుని రా, ఎల్లు.” నా పనేమిటో ఆవిడకి నేను చెప్పలేదు. చప్పుడుని బట్టే తెలిసి ఉంటుంది. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, ఖిదిర్‌పూర్ బస్సెక్కాను.

ఆదివారం పొద్దున మేడంతా మళ్ళీ మంచు. కృపాకర్ తెల్లచొక్కా ఇస్త్రీ మడతలు చెదరకుండా వేసుకుని, బైబిలు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. మా అత్త గోడ పట్టుకుని మెల్లగా బయటికొచ్చింది, ఆ నేతి రంగు చీరలో. లవంగాల వాసన ఆవిడకంటే ముందే వచ్చింది.

“అమ్మా, సీర పసుపెక్కిపోనాది! షైనీ, నీలమెట్టలేదేటి నువ్వు?”

“నానే వద్దన్నాను” అంది అత్త.

“ముందు వరసలో కూకుంతావు. అందరూ సూత్తారే!”

“సూడనీ” అంది అత్త. తరవాత నా వైపు తిరిగి, “నన్నోపాలి తియ్యే. ఈపాలి సెప్పి తియ్యి” అంది.

మేకునుంచి కెమెరా తీశాను. అత్త కొంగు వెలుతురుకి పట్టుకుని కెమెరాకి చూపించి, ఇదే తెలుపు అని చెప్పాను. అది ఎప్పటిలాగే నమ్మింది. తెరలో ఒక్కసారిగా మంచు నీలమైంది, పిట్టగోడ నీలమైంది, దూరంగా క్రేన్లు నీలమయ్యాయి, కృపాకర్ తెల్లచొక్కా నా గోళ్ళంత నీలమైంది. ఆ నీలం మధ్యలో మా అత్త ఒక్కతే తెల్లగా మెరుస్తూ నిలబడింది.

“రేపే కదేటి నీ లిస్టు?” అన్నాడు కృపాకర్, ఆ నీలంలోంచి, నవ్వుతూ. “మాట గురుతుందా? గోడకెక్కితే సరి. ఎక్కకపోతే మానీడమే. నాయవేనా?”

కన్ను కెమెరా మీదనుంచి తియ్యలేదు. అత్త గడ్డం కొంచెం ఎత్తమని సైగ చేశాను. జవాబు ఈసారి బస్సు వెళ్ళిపోయే లోపలే వచ్చింది.

“లిస్టు రేపండీ. రెండో టర్ముకి పేరు నిన్ననే ఇచ్చీసినాను” అన్నాను, అని బటన్ నొక్కాను.